నోటీసు బోర్డు మీది ర్యాంకుల లిస్టు తీసేయండి: విశాఖ జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ఐఐటీ, నీట్ బ్యాచ్‌లు నడుపుతున్న జూనియర్ కాలేజీల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, డీన్‌లకు నమస్కారం.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. ప్రతి వీకెండ్ టెస్టు తర్వాత పిల్లల పేర్లతో ర్యాంకుల లిస్టు గోడకు అంటిస్తున్నారు. అది ఆపండి. ఆ లిస్టు పట్టుకుని పిల్లల్ని ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి మారుస్తున్నారు. అదీ ఆపండి. ఫీజుల గురించి, హాస్టల్ భోజనం గురించి చెప్పుకోవాల్సినవి చాలానే ఉన్నాయి గానీ ఈ ఉత్తరంలో వాటి జోలికి వెళ్లను.

నేను గాజువాకలో ఉంటాను. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో లెక్కలు చూస్తాను. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏ కాలేజీ అన్నది రాయడం లేదు. రాస్తే మిగతా కాలేజీల వాళ్లు "మన గురించి కాదులే" అని ఊపిరి పీల్చుకుంటారు. మా ఆఫీసు వాళ్ల పిల్లలు, మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఊళ్లో తలో కాలేజీలో చదువుతున్నారు. వాళ్లు చెప్పేది వింటే ఎవరిది ఏ కాలేజీయో పోల్చుకోలేం, అన్నిచోట్లా అంత ఒకటే తీరు.

ఆ మధ్య జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక డీన్ గారు మైకు పట్టుకుని అన్నారు: "మీ అమ్మాయి సీటు ఎవరు పట్టుకుపోతారనుకుంటున్నారు? ఎక్కడో రాజస్థాన్‌లోని కోటా ఊళ్లో చదివేవాడనుకుంటున్నారా? మీ అమ్మాయి పక్కన కూర్చున్న అమ్మాయే." హాల్లో చాలామంది తలలూపారు. పిల్లలు కూడా అక్కడే, వెనక వరసల్లో నిలబడి వింటున్నారు.

అంకెలతో బతికేదాన్ని కాబట్టి ఆ మాట ఎంతవరకు నిజమో లెక్క వేసి చూశాను.

2025లో జేఈఈ మెయిన్ రెండు సెషన్లూ కలిపి 14 లక్షల మందికి పైగా రాశారు. అందులో పై రెండున్నర లక్షల మందికి ఐఐటీ సీట్ల కోసం పెట్టే అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తుంది. ఆ ఏడాది అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు లక్షా ఎనభై వేల చిల్లర. 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 18,160. ఇక మన సెక్షన్‌లో ఉండేది నలభై మంది. పక్కమ్మాయి మా అమ్మాయిని దాటితే మా అమ్మాయి ర్యాంకు ఒక్కటి కిందికి జరుగుతుంది. సెక్షన్ సెక్షనంతా దాటేసినా జరిగేది నలభై. 14 లక్షల్లో నలభై అంటే పర్సంటైల్‌లో 0.003 కూడా లేదు. ఆ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ వాళ్లు పర్సంటైల్‌ను దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెల దాకా ఎందుకిస్తారో అప్పుడు అర్థమైంది నాకు. అంత సన్నగా కొలిస్తే తప్ప పక్క బెంచీ వల్ల వచ్చే తేడా కనపడదు.

పైగా మెయిన్ అందరూ ఒకే పేపరు రాసే పరీక్షా కాదు. రోజుకు రెండు షిఫ్టులు, షిఫ్టుకో పేపరు. ఒకే బెంచీ మీద రెండేళ్లు కూర్చున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరికి ఉదయం షిఫ్టు, ఇంకొకరికి రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం షిఫ్టు పడొచ్చు. అప్పుడు ఒకరి మార్కుల్ని ఇంకొకరి మార్కులతో నేరుగా పోల్చరు. ఎవరి షిఫ్టులో రాసినవాళ్లలో వాళ్లెక్కడున్నారో పర్సంటైల్ తీసి, ఆ పర్సంటైళ్లను కలుపుతారు. తర్వాత కౌన్సెలింగ్‌లో కేటగిరీలు వేరు, ఆడపిల్లల అదనపు సీట్లు వేరు, ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం వాళ్ల సగం వేరు. దాని తర్వాత ఇష్టాలు. మా అమ్మాయికి ఎలక్ట్రికల్ అంటే పిచ్చి. దాని స్నేహితురాలికి మన ఊళ్లోనే పెట్రోలియం యూనివర్సిటీలో చేరాలని ఉంది, ఇల్లొదిలి వెళ్లక్కర్లేదని. ఈ ఇద్దరూ ఒక సీటు కోసం కొట్టుకునే రోజు రావాలంటే ఎన్ని కలిసిరావాలో మీరే ఆలోచించండి.

అలాగని ఊళ్లో పోటీయే లేదని అనను. ఆంధ్రా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ సీట్లు 250. అందులో 15 శాతం ఆలిండియా కోటాకు పోతాయి. మిగిలిన వాటి మీద ఈ ఊరి బైపీసీ పిల్లలందరి కళ్లూ ఉంటాయి. ఆ కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్ మెట్ల మీద తెల్లకోటుతో దిగాలని ఇక్కడ ఏ పిల్లకు ఉండదు! ఏయూ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సంగతీ అంతే. ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు లోకల్ ఏరియా వాళ్లకే కాబట్టి తెలిసిన మొహాలు ఒకరికొకరు అడ్డం పడటానికి అవకాశం ఉంది. ఇక్కడ డీన్ గారి మాటలో కొంత నిజముంది. కానీ ఆ లోకల్ ఏరియా ఎంతనుకుంటున్నారు? పాత జిల్లాల లెక్కన శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా. ఇచ్ఛాపురంలో చదివే పిల్లా, ఒంగోలులో చదివే పిల్లాడూ అదే లైన్లో ఉన్నారు. నీట్ అయితే 2025లో 22 లక్షల మందికి పైగా రాశారు. అంత పెద్ద లైన్లో పక్కనున్న అమ్మాయికి ఒక డౌటు చెప్పినందువల్ల పోయేది ఎంత, చెప్పినవాళ్లకు మిగిలేది ఎంత?

మిగిలేది నేను కళ్లారా చూశాను. ఫస్టియర్‌లో ఆ ఇద్దరూ ఆదివారం సాయంత్రాలు మా మేడ మీద చదువుకునేవాళ్లు. ఒకరోజు రొటేషనల్ మోషన్. మా అమ్మాయి చాక్‌పీసు తీసుకుని వాటర్ ట్యాంకు గోడ మీద వాలుతలం గీసి, దాని మీద కిందికి దొర్లుతున్న గోళం గీసింది. ఘర్షణ వాలు వెంట పైకి పనిచేస్తుందని బాణం గుర్తు వేసింది. అదంతా తనకు కంఠతా వచ్చు. స్నేహితురాలు చూసి, "సరే, అదే గోళం పైకి దొర్లుతుంటేనో?" అంది. మా అమ్మాయి ఠక్కున "అప్పుడు కిందికి" అనేసి, బాణం గీయబోయి ఆగిపోయింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. పైకి పోయేకొద్దీ గోళం వేగం తగ్గాలి, వేగంతో పాటు తిరగడమూ తగ్గాలి, ఆ తిరగడాన్ని తగ్గించేది ఘర్షణే, కాబట్టి అప్పుడూ ఘర్షణ పైకే. అలా తేల్చుకునేసరికి చీకటి పడింది. ఆ ప్రశ్న అడిగిన పిల్ల మీ లిస్టులో మా అమ్మాయి కంటే కింద ఉంటుంది. తనకు వచ్చనుకున్నది తనకు పూర్తిగా రాదని మా అమ్మాయికి తెలిసింది ఆ కింద ఉన్న పిల్ల వల్లే. వాటర్ ట్యాంకు మీద ఆ బొమ్మ వానలు పడేదాకా ఉంది. మా ఓనరు గారు రెండుసార్లు విసుక్కున్నారు, అది వేరే సంగతి.

తర్వాత సెక్షన్లు మార్చారు. స్నేహితురాలు కొద్ది మార్కుల తేడాతో కింది సెక్షన్‌కి వెళ్లింది. ఆ వారం మా ఇంటికొచ్చి మెటీరియల్ అడిగితే మా అమ్మాయి ఇవ్వడానికి వెనకాడింది. ఎందుకే అన్నాను. "మా సెక్షన్ షీట్లు బయటికివ్వొద్దన్నారమ్మా, తెలిస్తే నన్నూ మార్చేస్తారు" అంది. ఫీజు ఇద్దరిదీ ఒకటే. పుస్తకాల డబ్బులు ఒకటే. పై సెక్షన్‌కి పేరున్న లెక్చరర్లు, కింది సెక్షన్‌కి కొత్తగా చేరినవాళ్లు. ఇంకో చిక్కు చూడండి. రెండు సెక్షన్లూ ఒకే వేగంతో పోవు. కిందినుంచి పైకి వెళ్లిన పిల్లకు అక్కడ ఎలక్ట్రోస్టాటిక్స్ అయిపోయి ఉంటుంది, తను ఒక్క క్లాసూ వినలేదు. పైనుంచి కిందికొచ్చిన పిల్ల విన్న చాప్టరే మళ్లీ వింటుంది. వైకుంఠపాళీలో పావుల్లా జరిపితే చదువు ముందుకు ఎలా సాగుతుంది?

ఇక ఆ బోర్డు. మెట్ల పక్కన, గాజు తలుపు వెనక. ఏ4 కాగితాలు ఒకదాని కింద ఒకటి అంటించి ఉంటాయి. అడ్మిషన్ నంబరు, పేరు, సెక్షన్, మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, టోటల్, క్యాంపస్ ర్యాంకు, అన్ని బ్రాంచీల ర్యాంకు. మొదటి పది పేర్లకు ఆకుపచ్చ హైలైటర్. అడుగున ఉన్నవాళ్లకు ఎర్ర స్కెచ్ పెన్ను గీత. ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. పిల్లలు ఆ లిస్టును పైనుంచి కిందికి చదవరు. ముందు తమ పేరు వెతుక్కుంటారు. తర్వాత ఇంకొక్క పేరు వెతుకుతారు. ఆ రెండో పేరు తమ కింద ఉంటే మొహం తేలికపడుతుంది, పైన ఉంటే నల్లబడుతుంది. ఏ లెక్క తప్పిందో, ఎక్కడ నెగెటివ్ మార్కులు పోయాయో ఆ కాగితంలో లేదు. తప్పు ఎక్కడుందో చెప్పని కాగితం చూసి పిల్ల ఏం సరిదిద్దుకోవాలి? సిగ్గుపడటం తప్ప దానితో చేయగలిగిన పని ఏమీ లేదు.

మరి ఆ లిస్టు ఎవరికి పనికొస్తుంది? ఎవరి మీద ఖర్చు పెడితే వచ్చే జూన్‌లో ఫ్లెక్సీకి మొహాలు దొరుకుతాయో తేల్చుకోవడానికి మీకు పనికొస్తుంది. కటువుగా అంటున్నానని తెలుసు. ద్వారకానగర్ నుంచి మద్దిలపాలెం దాకా ఫలితాలొచ్చిన వారం ఒకసారి తిరిగి చూడండి, ఏ స్తంభానికి చూసినా పిల్లల మొహాలే. ఆ ఫ్లెక్సీల కోసం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఎంపికైన పిల్లల నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా వాళ్ల పేర్లూ ఫొటోలూ వాడకూడదంది. ర్యాంకు వచ్చిన పిల్ల మీ దగ్గర చదివింది ఏ కోర్సో కూడా ప్రకటనలో చెప్పాలంది. మీ ఫ్లెక్సీల్లో ఆ వివరం చదవడానికి నాకెక్కడా కనపడలేదు. అక్షరాలు మరీ చిన్నవేమో, నా కళ్లజోడు నంబరు కూడా మారింది.

తల్లిదండ్రులే ర్యాంకులు అడుగుతున్నారని మీరంటారు. అడుగుతున్నారు. మా పక్కింటావిడ నేను కూరగాయలు తీసుకుంటుంటే కూడా "ఏటమ్మా, ఈ వారం మీ పాపకి ర్యాంకెంతొచ్చిందేటి?" అనే పలకరిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో లిస్టు ఫొటో పెట్టి, తమ పిల్ల పేరు చుట్టూ సున్నా చుట్టి పంపే నాన్నలున్నారు. కానీ మీరు మా చేతికి ఇచ్చే కాగితం అదొక్కటే అయినప్పుడు మేం ఇంకేం అడుగుతాం? మీ దగ్గర ప్రతి పరీక్షకూ ప్రతి పిల్ల ఏ ప్రశ్నకు ఏ ఆప్షన్ పెట్టిందో కంప్యూటర్లో ఉంటుంది. ఫలానా చాప్టర్‌లో ప్రశ్నలు వదిలేస్తోంది, ఫలానా చాప్టర్‌లో తొందరపడి నెగెటివ్ తెచ్చుకుంటోంది, కిందటి నెలకంటే ఇక్కడ మెరుగైంది అని ఒక్క పేజీ తీసి, మడిచి, పిల్ల చేతిలో పెట్టండి. ర్యాంకు కావాలన్నవాళ్లకు వాళ్ల పిల్ల ర్యాంకు ఆ పేజీలోనే రాయండి. పక్కింటి పిల్ల ర్యాంకు మాకెందుకు?

పోటీ పెట్టకపోతే చదవరన్నది రెండో మాట. పోటీ వద్దని నేననలేదు. 18,160 సీట్లకు లక్షా ఎనభై వేల మంది రాసే పరీక్షలో పోటీని మీరు ప్రత్యేకంగా పుట్టించక్కర్లేదు, ఉన్నదే కావాల్సినంత ఉంది. ఆ పోటీని తట్టుకోవడానికి పక్కనున్న పిల్ల తోడు కావాలి. ఆ తోడునే మీరు తెంపేస్తున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి చేయి ఆడటం లేదు, కానీ రాయక తప్పదు. 2023 జూలైలో మన ఊళ్లో ఉండి నీట్‌కు చదువుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పిల్ల. ఎలా, ఎందుకు అన్నది తేల్చే పని సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది, కాబట్టి దాని మీద నేను ఒక్క మాటా అనను. కానీ 2025 జూలై 25న ఇచ్చిన ఆ తీర్పులోనే కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లకు, 15 మార్గదర్శకాలు పెట్టింది. చట్టం వచ్చేదాకా అవే అమల్లో ఉంటాయంది. అందులో ఒకటి: మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలి. మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం అందించే టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసురూముల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. దేశమంతటికీ వర్తించే ఆ మాటలు విశాఖలో జరిగిన దాన్ని బట్టి వచ్చాయి. కాబట్టి వాటిని అందరికంటే ముందు అమలుచేయాల్సింది మనమే. టెలీ మానస్ నంబరు 14416. మా అమ్మాయిని అడిగాను, ఆ నంబరు కాలేజీలో ఎక్కడైనా చూశావా అని. లేదంది. అదే అమ్మాయి క్యాంపస్ మొదటి పది ర్యాంకులూ వరసగా అప్పజెప్పింది.

"వీలైనంతవరకు" అన్న మాట పట్టుకుని మీ లాయర్లు ఏదో ఒకటి చెప్తారని తెలుసు. మేం జూనియర్ కాలేజీలం, కోచింగ్ సెంటర్లం కాదు అని కూడా అంటారు. పరీక్ష ఫలితాలు బయటపెట్టొద్దని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు చెప్పినప్పుడు కాలేజీలన్న మాట, అడ్మిషన్లప్పుడు ఐఐటీ కోచింగ్ అన్న మాట. రెండూ మీవే. సుప్రీంకోర్టు మాత్రం అన్ని విద్యాసంస్థలూ అనేసింది, అక్కడ తప్పించుకోవడానికి దారి లేదు.

సెక్షన్లు పూర్తిగా ఎత్తేయమంటే రేపే చేయలేరని నాకూ తెలుసు. ఒకే గదిలో అందరికీ ఒకేలా చెప్పడం లెక్చరర్లకు కష్టమే. చాప్టర్‌ను బట్టి గ్రూపులు చేయండి. ఆర్గానిక్‌లో వెనకబడ్డవాళ్లకు వేరే గంట పెట్టండి. అందులో లెక్కల్లో మొదటి ర్యాంకు పిల్ల కూడా ఉండొచ్చు, అప్పుడు ఎవరికీ చిన్నతనం ఉండదు. రాత్రి స్టడీ అవర్‌లో మాట్లాడితే ఫైన్ వేసే బదులు, ఒక్క గంట ఇద్దరేసి కూర్చుని ఒకరికొకరు లెక్కలు చెప్పుకోనివ్వండి. గోల అవుతుందంటారా, అవుతుంది. ఫ్లోర్ ఇన్‌చార్జిలకు కాస్త తలనొప్పే.

దసరా సెలవుల తర్వాత పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఆ రోజుకల్లా మూడింటికి జవాబు కాగితం మీద రాసి, సంతకంతో కావాలి. ర్యాంకుల లిస్టు ఏ తారీఖు నుంచి తీసేస్తున్నారు? ఈ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా ఇక సెక్షన్లు మార్చబోమని రాసిస్తారా? మీ కౌన్సెలర్ పేరేంటి, ఏ గదిలో, ఏ వేళల్లో ఉంటారు? జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని ఇంటర్ బోర్డుకు, జిల్లా కలెక్టర్ గారికి పంపిస్తాను. తోడు సంతకాలు పెట్టడానికి మా అపార్ట్‌మెంట్‌లోనే కొందరు ఒప్పుకున్నారు. పక్కింటావిడ కూడా.

ఇట్లు,
ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయి తల్లి,
గాజువాక, విశాఖపట్నం